ఎడమకాలి చెప్పు

ఈరోజు రైతుబజారులో బెండకాయలు ఏరుకుని నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక నుంచి కూరగాయలావిడ కేకేసింది. "అమ్మా, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయింది!" చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. జారిపోయిన సంగతే నాకు తెలియలేదు. తనే తెచ్చి కాలి దగ్గర పెట్టి, "తిమ్మిరెక్కిందా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

తిమ్మిరైతే కాసేపు నడిస్తే పోతుంది. ఇది పోదు. మోకాలి కింద నుంచి అరికాలి దాకా మొద్దుబారిపోయింది. స్పర్శ లేని ఆ కాలే రాత్రయితే భగభగ మండుతుంది, మధ్యమధ్య కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్ర వేసుకుంటే కొంత నయం.

రెండేళ్ల కిందట మలాశయం క్యాన్సర్ తిరగబెట్టింది. మొదటిసారే రోజుకు 2 గ్రేల (రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తారు) చొప్పున 25 రోజులు రేడియేషన్ అయిపోయింది కాబట్టి, మళ్లీ బయటి నుంచి అంత డోసు ఇవ్వడం కుదరదన్నారు. అందుకని ఆపరేషన్ బల్ల మీదే, గడ్డ తీసిన చోట గొట్టం ఆనించి, ఒకేసారి 15 గ్రేలు ఇచ్చారు. ఆ టైములో పేగుల్ని, మూత్రాశయాన్ని పక్కకు జరిపి కాపాడతారు. వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి ఎముక ముందు నుంచి కాలికి దిగే నరాలను మాత్రం ఎక్కడికి జరుపుతారు? 12.5 గ్రేలు దాటితే నరాలకు ముప్పు పెరుగుతుందని డాక్టరుగారు ముందే బొమ్మ గీసి చెప్పారు. గడ్డ అంచుల్లో కంటికి కనిపించని కణాలు మిగిలితే తగ్గించి ఇవ్వలేమని కూడా అన్నారు. అన్నీ విని సంతకం పెట్టాను. ఆ విషయంలో నాకు ఎవరి మీదా కోపం లేదు.

నా మీద నాకే ఒక బాధ ఉంది. ఏడో నెలలో కాలివేళ్లు చిమచిమలాడటం మొదలైతే, జబ్బు మళ్లీ వచ్చిందేమో అన్న భయంతో మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా. ఎంతసేపూ స్కానింగ్ అంటే టెన్షన్. చివరికి ఎమ్మారై తీస్తే గడ్డ లేదు. రేడియేషన్ పడిన చోట కండ గట్టిపడి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి, నరం నెమ్మదిగా దెబ్బతిందట. ముందే చెప్పి ఉంటే మందులు, ఫిజియోథెరపీ అప్పుడే మొదలయ్యేవి. ఆ మూడు నెలలు ఒక్కదాన్నే చీకట్లో ఏడ్చి ఉండేదాన్ని కాదు.

ఇప్పుడు స్నానానికి నీళ్లు ముందు చేత్తో చూసుకుంటాను. మెట్లు దిగేటప్పుడు కాలి వైపు చూస్తూ దిగుతాను. వెనక బెల్టున్న చెప్పులు కొనమని ఫిజియోథెరపీ అమ్మాయి ఎప్పటినుంచో చెబుతోంది. రేపు కొనాలి.

రాత్రి రోజూలాగే ఆయన టార్చి వేసి నా అరికాలు చూశారు. మడమ దగ్గర తుమ్మముల్లు, సగం లోపలికి దిగి ఉంది. బజారులో గుచ్చుకున్నదే అయ్యుంటుంది. పిన్నీసుతో తీస్తుంటే ఆయన పళ్లు బిగపట్టారు. నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను.