కళ్లద్దాల కోసం వెళితే

కిందటి ఉగాది దాటాక, బస్సు మీద ఊరి పేరు దగ్గరికి వచ్చేదాకా ఆనడం మానేసింది. యాభైకి దగ్గరపడ్డాను, చూపు మారే వయసే కదా అని కొత్త అద్దాలు చేయించుకున్నాను. 3,200 రూపాయలు. పది రోజులకే అవీ మసకే. దుకాణానికి వెళ్లి గొడవ పెట్టుకుంటే అక్కడి కుర్రాడు మళ్లీ చూశాడు. ఈసారి ఇంకో పవరు వచ్చింది. "సార్, మీకు షుగరు ఉందా?" అన్నాడు. లేదన్నాను. ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదని మాత్రం చెప్పలేదు.

మర్నాడు పరగడుపున రక్తం ఇస్తే 214. హెచ్‌బీఏ1సీ 10.4. అది 6.5కు చేరితే షుగరు ఉన్నట్టే. ఎర్ర రక్తకణాలకు పట్టిన చక్కెర లెక్క అట అది. రెండు మూడు నెలల తిండి బాగోతమంతా బయటపడుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు కట్టుకున్నా దాగదు. చక్కెర పెరిగితే కంట్లో కటకం ఉబ్బి పవరు మారుతుందని, అది నిలకడగా తగ్గేదాకా అద్దాలు కొనవద్దని డాక్టరుగారు చెప్పారు. చెప్పేసరికి నేను కొనేశాను.

"మన వంశంలో ఎవరికీ లేదే" అంది అమ్మ. కాలి పుండు మానక చనిపోయిన పెద్ద మామయ్యకు రక్తపరీక్ష చేయించిన వాళ్లెవరూ లేరు. కాకర రసం, నేరేడు గింజల పొడి, చక్కెర మానేసి బెల్లం... సలహాలకు కొదవ లేదు. బెల్లమూ చక్కెరేనని ఎంతమందికి చెప్పానో! డాక్టరుగారు రాసిన షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మొదటి వారం కడుపును గడబిడ చేసింది. డాక్టరుగారు అన్నం తిన్న వెంటనే వేసుకోమన్నారు, సర్దుకుంది.

మిఠాయిలు మానడం నాకు లెక్కలోది కాదు. అన్నమే బాధించింది. పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి కలుపుకునే వాడిని ఏ వాయి వదులుకోమంటారు? గ్లూకోమీటరు కొని, భోజనమైన రెండు గంటలకు వేలు గుచ్చుకుని చూసేవాడిని. మూడు వాయిలకు 268. ముందు బీరకాయ కూర గిన్నెడు తిని, అన్నం సగానికి తగ్గించి, పెరుగుకు బదులు మజ్జిగ తాగితే 181. చిరుధాన్యమే కదా అని కొర్రన్నం కంచం నిండా లాగిస్తే 243! దానికీ కొలత ఉండాలని ఎవరూ చెప్పలేదు. పెరుగన్నం తినకుండా లేస్తున్నానని అమ్మ నెల రోజులు ముఖం ముడుచుకుంది.

మే నెలలో ఒక సాయంత్రం 352 వచ్చింది. గుండె జారిపోయింది. తర్వాత తట్టింది, అంతకుముందే పిల్లలకు బంగినపల్లి కోసి పెట్టి, చేతులు సరిగా కడుక్కోలేదని. సబ్బుతో కడిగి, తుడుచుకుని, వేలి కొస మధ్యన కాకుండా పక్కగా గుచ్చితే 158. నేను ఒక్క ముక్కా తినలేదు, వేలు మాత్రం తింది.

రోజూ రాత్రి భోజనం కాగానే అరగంట నడక. మొదట్లో మా ఆవిడ తోడు వచ్చేది నన్ను కాపలా కాయడానికి. ఇప్పుడు తనే ముందు చెప్పులు వేసుకుంటోంది.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.1 వచ్చింది. ఇంకా తగ్గాలన్నారు. కంట్లో చుక్కలు వేసి రెటీనా కూడా చూశారు, ప్రస్తుతానికి బాగానే ఉంది. ఇంటికి వచ్చి, సొరుగులోంచి పాత అద్దాలు తీసి పెట్టుకున్నాను. ఎడమ అద్దం మీద గీత ఉందిగానీ వీధి చివర బోర్డు స్పష్టంగా చదవగలిగాను. 3,200 రూపాయల జోడు డబ్బాలోనే ఉంది. దుకాణం వాళ్లు వెనక్కి తీసుకోరట.