లైట్లు పచ్చగానే ఉన్నాయి, నెట్టే లేదు

మా బావ పర్లాకిమిడిలో కేబుల్ నెట్ నడుపుతాడు. బరంపురం వైపు నుంచి ఒక లైను, టెక్కలి వైపు నుంచి ఒకటి. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. అందుకుంటుంది, కాకపోతే మూడు నిమిషాలకి. ఈలోపు నాకు ఫోను: "ఏట్రా, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి, నెట్టు లేదేటి?"

ఆ మూడు నిమిషాల సంగతేంటో తేల్చాలని రాత్రిళ్లు ఇంట్లోనే కుస్తీ పడుతున్నాను. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లు రెండు, మధ్యలో చవక స్విచ్. రెండింట్లోనూ డెబియన్ లినక్స్. ఒకదాంట్లో ఎఫ్ఆర్ఆర్, రెండోదాంట్లో బర్డ్ 2: రెండూ మామూలు కంప్యూటర్‌ని రౌటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లే.

మొదటి వారం అంతా తిప్పలే. ఎఫ్ఆర్ఆర్‌లో డీమన్స్ ఫైలు తెరిచి బీజీపీడీ ఎదురుగా 'నో' తీసి 'యెస్' పెడితే గానీ బీజీపీ (ఏ నెట్‌వర్క్‌కి ఏ దారిన, అంటే ఏ రూటులో, వెళ్లాలో రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) లేవదు. లేచాక రూట్ల సంఖ్య ఉండాల్సిన చోట 'పాలసీ' అని కనబడింది. బయటి ఏఎస్‌తో (వేరేవాళ్ల నెట్‌వర్క్‌తో) రూట్‌మ్యాప్ లాంటి ఫిల్టర్ లేకుండా ఒక్క రూటూ తీసుకోదు, ఇవ్వదు. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8212 అనే ఇంటర్నెట్ ప్రమాణం పెట్టిన నియమం అది. బర్డ్‌దీ అదే పట్టు. పైగా కెర్నల్ ప్రోటోకాల్‌లో (రూట్లని లినక్స్‌కి అందించే భాగంలో) ఎక్స్‌పోర్ట్ రాయకపోతే రూట్లు బర్డ్‌సీలో (బర్డ్ కమాండ్ తెరలో) కనబడతాయి, లినక్స్ రూటింగ్ టేబుల్లో మాత్రం ఉండవు. దానికి ఒక రాత్రి పోయింది.

తర్వాత అసలు పరీక్ష. రెండు పెట్టెల్నీ నేరుగా కలిపి కేబుల్ పీకితే సెషన్ (ఆ రెండింటి బీజీపీ సంబంధం) వెంటనే పడిపోయింది. స్విచ్ మధ్యలో పెట్టి బర్డ్ వైపు కేబుల్ పీకాను. స్విచ్‌కీ ఎఫ్ఆర్ఆర్‌కీ మధ్య కేబుల్ బాగానే ఉంది కాబట్టి ఎఫ్ఆర్ఆర్ పోర్టు లైటు పచ్చగానే వెలుగుతోంది. హోల్డ్ టైమ్, అంటే అవతలి వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోయినా ఆగి చూసే సమయం, మామూలుగా ఎఫ్ఆర్ఆర్‌కి 180 సెకన్లు, బర్డ్‌కి 240; ఇద్దరిలో తక్కువదే చెల్లుతుంది. నా ఫోన్‌లో లెక్కేస్తే 2 నిమిషాల 41 సెకన్లకి సెషన్ పడింది. బావ గోల ఇదే! బీఎఫ్‌డీ (అవతలి వైపు బతికుందో లేదో క్షణక్షణం చూసే పద్ధతి) రెండు వైపులా పెట్టాక రెండు సెకన్లు కూడా పట్టలేదు.

ఓపెన్‌బీజీపీడీ అని ఇలాంటిదే ఇంకోటుంది, దాని కాన్ఫిగ్ చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది బీజీపీ ఒక్కటే చేస్తుంది, బావకి లోపల ఓఎస్‌పీఎఫ్ (సొంత నెట్‌వర్క్ లోపలి దారులు చూసుకునేది) కూడా కావాలి. పక్కన పెట్టేశాను.

నా మనసు మాత్రం బర్డ్ మీదే. 'కాన్ఫిగర్ టైమౌట్ 60' అని కొడితే, 60 సెకన్లలోగా 'కాన్ఫిగర్ కన్ఫర్మ్' అనకపోతే పాత కాన్ఫిగ్‌కే వెళ్లిపోతుంది. పోయిన వానాకాలం దూరం నుంచి ఒక ఫిల్టర్ తప్పు రాసి నన్ను నేనే బయటికి గెంటేసుకుని, వానలో స్కూటర్ మీద వెళ్లి సరిచేసుకొచ్చినవాణ్ణి. దాని విలువ నాకు తెలుసు.

కానీ బావకి సిస్కో రౌటర్ల కమాండ్లే నోటికొచ్చు. సిస్కోలాగే ఉండే ఎఫ్ఆర్ఆర్ కమాండ్ తెర వీటీవైషెల్ చూడగానే "ఇదైతే నాకొచ్చురా" అన్నాడు. సరే, ఎఫ్ఆర్ఆరే.

శనివారం ఆయన్ని కూర్చోబెట్టి చూపిస్తుంటే కరెంటు పోయింది. వచ్చాక కేబుల్ పీకాం. ఒక నిమిషం, రెండు నిమిషాలు... బావ నా మొహం చూస్తున్నాడు. బీఎఫ్‌డీ లైన్లు పెట్టాక 'రైట్ మెమరీ' (మార్పుల్ని డిస్కులో భద్రపరిచే కమాండు) కొట్టలేదు నేను.