బంపర్ల లారీలో ఒక రోజు

నేను గీసిన దారిలో లారీ వెళ్లడం లేదని తెలిసి కోపం వచ్చింది. కారణం తేల్చుకుందామని తెల్లారకముందే డ్రైవరన్న పక్కన ఎక్కి కూర్చున్నాను. తుక్కు కార్లు విప్పే ఎనిమిది యార్డులు తిరిగి బ్యాటరీలు, అద్దాలు, బంపర్లు తేవాలి.

నేను దారి గీసింది 1964లో క్లార్క్, రైట్ అనే ఇద్దరు చూపిన పొదుపు లెక్కతో. రెండు యార్డులకు విడివిడిగా వెళ్లొచ్చే బదులు ఒకే ట్రిప్పులో కలిపితే ఎంత దూరం మిగులుతుందో చూసి, ఎక్కువ మిగిలే జతల్ని ముందు కలుపుకుంటూ పోవడం. దూరం వరకు అందులో తప్పు లేదు.

ఆ లెక్క ప్రకారం రెండో మజిలీ దారిపక్కనే ఉంది. అన్న ఆపకుండా దాటించేశాడు! "అక్కడ బంపర్లు సార్. ముందు అవి ఎక్కిస్తే బ్యాటరీలు ఎక్కడ పెడతాం?" అన్నాడు. నిజమే, బ్యాటరీల పెట్టెలు అడుగున, నిటారుగా ఉండాలి. లేకపోతే యాసిడ్ కారుతుంది. ముందు బ్యాటరీలు, తర్వాత అద్దాలు, చివరికే బంపర్లు.

మధ్యాహ్నం దాకా ఏం చూశానో పెద్దగా గుర్తు లేదు. ఆ బంపర్ల యార్డు మాత్రం కళ్లముందే ఉంది. ఎలా పడితే అలా విసిరితే, కొన్ని ఎక్కేసరికే లారీ పైదాకా నిండింది. బరువు చూస్తే లెక్కలోకి రానంత. నేను టన్నుల్లో ప్లాన్ వేశాను, మేం మోస్తున్నది గాలి. అన్న అన్నీ కిందికి దించాడు. లోపలి ఫోమ్, ఇనుప పట్టీ ఊడదీసి, ఒకే మోడల్‌వి ఒకదాంట్లో ఒకటి దూర్చాడు. యార్డు కుర్రాడు ఒకదాన్ని తిరగేసి, లోపలి మట్టిని బొటనవేలితో తుడిచి 'పీపీ' అన్న అచ్చు చూపించాడు. అంటే పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్. అది లేనివి పక్కన పెట్టేశాడు. ఈసారి గుట్ట మొత్తం పట్టింది.

యూరప్ సమాఖ్యలో 2015 నుంచి తుక్కు కారు బరువులో 85 శాతం తిరిగి వాడాలి, లేదా రీసైకిల్ చేయాలి. ఇనుము కోసం ఎవరైనా వస్తారు. ఈ తేలిక సరుకు దగ్గరే డీజిల్ ఖర్చైనా వస్తుందా అన్న టెన్షన్. దారి లెక్క అవసరం అంతా ఇక్కడే.

తిరుగు ప్రయాణంలో ఒళ్లో కాగితం పెట్టుకుని మళ్లీ గీశాను. ఈసారి దూరం పక్కన సరుకు ఎంత చోటు పడుతుందో, ఏది ముందు ఎక్కాలో కూడా రాసుకున్నాను. అన్న ఓసారి తొంగి చూసి ఐదో యార్డు మీద వేలు పెట్టాడు.

"దీన్ని చివరికి జరపండి సార్. మధ్యాహ్నం దాకా అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ ఖాళీ ఉండదు."