రేటు పెంచారు సరే, భారం మోసేదెవరు?

"వ్యాపారస్తుడికేం, ఖర్చు పెరిగితే తీసుకొచ్చి జనం నెత్తిన రుద్దేస్తాడు" అనే మాట మన నెల్లూరులో ఏ టీ బంకు దగ్గర నిలబడినా వినపడుద్ది. షాపు పెట్టుకున్నోళ్ళని కదిలిస్తే ఇంకో పాట, "అంతా మేమే మింగుతున్నాం సార్, మిగిలేదేం లేదు" అని. నేను కొన్ని చిన్న షాపులకి, ఒకట్రెండు టిఫిన్ సెంటర్లకి లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే బాపతు, కాబట్టి ఇద్దరి ఏడుపూ వింటా, కొన్న బిల్లులూ చూస్తా. నాకు అర్థమైంది ఏందంటే ఎవడు మింగుతాడు ఎవడు రుద్దుతాడు అనేది వాడు మంచోడా చెడ్డోడా అనేదాని మీద ఉండదు, ఎదురుగా ఉన్నోడికి ఇంకో చోటికి పోయే దారి ఉందా లేదా అనేదాని మీద ఉంటది.

మా వేదాయపాళెం వైపు ఒక అక్క టిఫిన్ సెంటర్ నడుపుతాది, కారం దోశ బాగా వేస్తారు, పొద్దున ఏడింటికే బండ్లు రోడ్డు మీదకి వచ్చేస్తయి. 2023 మార్చి ఒకటో తారీఖున కమర్షియల్ సిలిండర్, అదే 19 కేజీలది, ఒక్కసారే 350 రూపాయల 50 పైసలు పెంచారు గుర్తుందా, ఆ రోజు ఊర్లో హోటళ్ళోళ్ళందరూ అయిపోయింది ఇంక మూసుకోవడమే అన్నారు. ఈ అక్క కూడా అన్నది. సరే అని లెక్క వేసి చూపించా. ఆమెకి నెలకి పది సిలిండర్లు పడతయి, అంటే నెలకి 3,505 ఎక్స్‌ట్రా, రోజుకి అన్నీ కలిపి ఒక 300 ప్లేట్లు పోతయి అనుకుంటే నెలకి 9,000 ప్లేట్లు, ప్లేటుకి పడేది 39 పైసలు. అక్క నమ్మలేదు, మళ్ళీ వెయ్యి అన్నది, మళ్ళీ వేసినా అంతే వచ్చింది.

అసలు దెబ్బ ఎక్కడుందంటే దోశ మాస్టర్ దగ్గర. రోజుకి 600 తీసుకునే మనిషి తిరుపతిలో 900 ఇస్తామంటున్నారక్కా అని ఒక మాట అని వదిలేశాడు, వాడు లేకపోతే పెనం ముందు నిలబడేవాళ్ళు లేరు కాబట్టి ఇచ్చుకోవాల్సిందే, ఆ 300ని 300 ప్లేట్లకి పంచితే ప్లేటుకి రూపాయి, అంటే గ్యాస్ కంటే రెండింతలు దాటి. కానీ ఎవరూ "మాస్టర్ జీతం పెంచాం అందుకే దోశ రేటు పెంచాం" అని బోర్డు పెట్టరు, గ్యాస్ అనే అంటారు, ఎందుకంటే గ్యాస్ రేటు పేపర్లో వస్తది, అందరికీ తెలుసు, అడిగేవాడు కూడా నోరు మూసుకుంటాడు. ఇంకోటి కూడా ఉంది, ఇది బయట ఎవరికీ తెలియదు, కమర్షియల్ గ్యాస్ మీద జీఎస్టీ 18 శాతం, ఇంట్లో వాడే సిలిండర్ మీద 5 శాతమే, ఈ 18ని మామూలు హోటలోడు ఎక్కడా వెనక్కి తీసుకోలేడు, వాడికి ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) లేదు, అది కూడా దోశలోనే కలిసిపోద్ది.

మరి అక్క ఏం చేసింది అంటే, రెండేళ్ళ పైనే రేటు ముట్టుకోలేదు, దోశ నలభైకే ఇచ్చింది. అలాగని అంతా ఆమే మింగిందా అంటే అదీ కాదు. పిండి గరిటె కొంచెం చిన్నదైంది. 2025లో కొబ్బరికాయ రేటు ఆకాశానికి ఎక్కినాక కొబ్బరి చట్నీ ఆదివారానికి మాత్రమే మిగిలి మిగతా రోజులు పప్పుల చట్నీ, చెనక్కాయల చట్నీ అయింది, రెండోసారి చట్నీ అడిగితే కుర్రాడికి వినపడదు. కారం దోశ మీద నెయ్యి అంతకుముందు కారేది ఇప్పుడు మెరుస్తది అంతే. తినేవాళ్ళకి ఇవన్నీ తెలుసు, కానీ రేటు అదే కాబట్టి ఎవరూ గొడవ పెట్టుకోరు. నా లెక్కల పుస్తకంలో మాత్రం ఇది రేటు పెంచినట్టే.

ఆ తర్వాత ఒక రోజు అదే రోడ్డులో ఇంకో సెంటరోడు బోర్డు మీద స్టిక్కర్ అతికించి 50 చేశాడు, రాత్రికి రాత్రి అక్క కూడా చేసింది, మర్నాటికి ఆ లైనంతా యాభయ్యే. ముందు ఎవడు పెంచుతాడా అని అందరూ కాచుకోని కూర్చున్నారన్నమాట, ఒక్కడే పెంచితే వాడి గిరాకీ పక్కోడికి పోద్ది, అందరూ పెంచితే ఎక్కడికీ పోదు. నేను అడిగా, నలభై రెండు చేయొచ్చు కదక్కా, ఇప్పుడు చిల్లర గొడవ కూడా లేదు, అందరూ ఫోన్‌పేనే కదా అని. "నలభై రెండు అంటే ఆ రెండెందుకు అని అడుగుతారు తమ్ముడూ, యాభై అంటే ఎవురూ అడగరు" అన్నది. నేను చదువుకున్న కామర్స్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ సంగతి కూడా ఇదే బాపతు కానీ అది పెద్ద కంపెనీల తెలివి. ఖర్చులు పెరిగినప్పుడల్లా ఐదుని ముట్టుకోరు, గ్రాములు తగ్గిస్తారు, ఏ హడావుడీ ఉండదు, పిల్లకాయలకి మాత్రం చేతిలో తేలిగ్గా అనిపిస్తది. తగ్గేటప్పుడు చూడండి తమాషా. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5కి దించారు, లెక్క ప్రకారం ఐదు రూపాయల ప్యాకెట్ 4 రూపాయల 45 పైసలు అవ్వాల. కొన్ని అలాగే ప్రింటై వచ్చినయి కూడా. మా బజారు షాపులో ఆ 55 పైసలు ఎవడిస్తాడు, పావలాలు 2011లోనే చెల్లకుండా పోయినయి, అర్ధరూపాయి చెల్లుద్ది అని ఆర్‌బీఐ చెప్తది కానీ నెల్లూరులో అడుక్కునేవాడు కూడా తీసుకోడు, కాబట్టి ఆ 55 పైసలు షాపోడి గల్లాలోకే పోయినయి. తర్వాత కంపెనీలు మళ్ళీ ఐదుకే వచ్చి గ్రాములు పెంచినయి, ఈసారి మాత్రం పెంచిన గ్రాముల్ని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేసుకున్నారు, తగ్గించినప్పుడు అట్టా వేసిన గుర్తు నాకైతే లేదు.

నూనె కథ ఇంకా బాగుంటది ఎందుకంటే బయట దేశాల నుంచి ఆ నూనె వచ్చేదే మన ముత్తుకూరు పక్కన కృష్ణపట్నం పోర్టుకి, ఆ చుట్టుపక్కలే రిఫైనరీలు ఉన్నయి. 2024 సెప్టెంబర్ 14న సెంట్రల్ గవర్నమెంట్ ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, అదే దిగుమతి సుంకం, సున్నా నుంచి 20 శాతం చేసింది, సెస్సులు అవీ కలిపితే 5.5 శాతం ఉండేది 27.5 అయింది. పాత డ్యూటీకి దిగిన సరుకు దేశంలో దండిగా ఉంది, అది అయిపోయేదాకా రేటు పెంచొద్దు అని గవర్నమెంట్ కంపెనీలకి చెప్పింది కూడా. స్టోన్‌హౌస్‌పేటలో నేను లెక్కలు చూసే హోల్‌సేల్ షాపాయన సోమవారానికల్లా ప్యాకెట్ మీద పెంచేశాడు. గోడౌన్‌లో ఉన్నది పాత సరుకే కదండీ అంటే, "రేపు ఇది అమ్ముకున్న డబ్బుల్తో నేను కొనాల్సింది కొత్త రేటుకే కదయ్యా, పాత రేటుకి అమ్మితే అదే డబ్బుకి పది బాక్సుల చోట ఎనిమిదొస్తయి" అన్నాడు. ఆలోచిస్తే న్యాయమే, తప్పుబట్టడానికి లేదు.

2025 మే 30న ఆ డ్యూటీ 20 నుంచి 10కి తగ్గించారు. ఆయన దగ్గర రేటు కదల్లేదు. అడిగితే, "గోడౌన్‌లో ఉండేది పాత రేటుకి కొన్న సరుకయ్యా, నష్టానికి అమ్మమంటావా" అన్నాడు. పెరిగేటప్పుడు రేపు కొనబోయే రేటు లెక్క, తగ్గేటప్పుడు నిన్న కొన్న రేటు లెక్క, రెండూ ఒకే నోటితో, రెండూ నమ్మి చెప్తున్నాడు, నటన కాదు. ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, నూనె ప్యాకెట్ మీద ఆయనకి మిగిలేది రెండు మూడు రూపాయలు, పెరిగిందంతా నేనే భరిస్తా అని కూర్చుంటే నెల తిరక్కుండా షట్టర్ దించుకోవాల. తక్కువ మార్జిన్ ఉన్నోడు భరించడు, భరించలేడు. భరించగలిగిన కంపెనీలు భరిస్తయా అంటే వాళ్ళకి ఆ అవసరం లేదు.

హోటళ్ళ మీద జీఎస్టీ (ఏసీ ఉన్నవాటికి 18, లేనివాటికి 12 ఉండేది) 2017 నవంబర్ 15న 5కి తగ్గించినప్పుడు కూడా ఇట్టాంటిదే జరిగింది. పన్ను తగ్గించి దాంతోపాటు ఇన్‌పుట్ క్రెడిట్ పీకేశారు, హోటళ్ళోళ్ళు చాలామంది ఆ క్రెడిట్ పోయిందనే సాకుతో మెనూ రేటు పెంచేశారు, పోయిన క్రెడిట్ ఎంత పెంచిన రేటు ఎంత అని కస్టమర్‌కి తెలిసే దారి లేదు, బిల్లు కింద టోటల్ అంతో ఇంతో అదే. ఇట్టాంటివి చూడ్డానికే నేషనల్ యాంటీ ప్రాఫిటీరింగ్ అథారిటీ అని ఒకటి పెట్టారు, 2022 నవంబర్‌తో అది మూతపడింది, పని కాంపిటీషన్ కమిషన్‌కి ఇచ్చారు, తర్వాత జీఎస్టీ ట్రిబ్యునల్‌కి. ఒక మసాలా దోశ మీద మూడు రూపాయలు ఎక్కువ తీసుకున్నారని ఢిల్లీకి కంప్లైంట్ రాసినోడెవడు చెప్పండి.

ఇంతవరకూ చెప్పింది కిందకి, అంటే కొనేవాడి మీదకి రుద్దడం. మన జిల్లాలో పైకి, అంటే సరుకు అమ్మినోడి మీదకి, రుద్దడం కూడా ఉంది, అది రొయ్యల గుంటల దగ్గర చూడాల.

2025 ఏప్రిల్ 2న అమెరికా ఇండియా సరుకు మీద 26 శాతం సుంకం అని ప్రకటించింది. అప్పటికి అది ఇంకా అమల్లోకి రాలేదు, వారం తిరిగేసరికి తొంభై రోజులు ఆపుతున్నాం, అప్పటిదాకా పదే అని కూడా అన్నారు. ఇక్కడ విడవలూరు వైపు మా బాబాయి వాళ్ళ గుంటల దగ్గర మాత్రం కొనేవాళ్ళు ప్రకటన వచ్చిన వెంటనే కౌంట్ రేట్లు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతయో దాన్ని బట్టి ఇచ్చే రేట్లు) కోసేశారు. ఆగస్టు 7 నుంచి 25, అదే నెల 27 నుంచి ఇంకో 25 కలిపి 50 శాతం అయినాక ఇంక చెప్పేదేముంది. చట్టం ప్రకారం ఆ సుంకం కట్టాల్సింది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడు. వాడు అక్కడి సూపర్ మార్కెట్ మీద వేయాలంటే అప్పట్లో పక్కన ఈక్వెడార్ దేశం రొయ్య 15 శాతం సుంకానికే దొరికేది, అందుకని ఇక్కడి ఎక్స్‌పోర్టర్‌ని నువ్వు కొంత తగ్గించుకో అంటాడు, ఎక్స్‌పోర్టర్ ప్రాసెసింగ్ ప్లాంట్ కరెంటు బిల్లూ బ్యాంకు వడ్డీ చూసుకుని ఏజెంట్‌కి ఫోన్ చేస్తాడు, ఏజెంట్ గుంట గట్టు మీదకొచ్చి బాబాయికి చెప్తాడు. బాబాయి ఎవరికి చెప్తాడు? మేత కంపెనీకా? మేత అప్పు మీద తెచ్చుకున్నాడు, రొయ్యలు పట్టి అమ్మినాక కట్టాల, అప్పున్న చోట రేటు గురించి గట్టిగా మాట్లాడేవాడు ఎవడు. ఆపుకుందామా అంటే రొయ్య ఆగేది కాదు, వైట్‌స్పాట్ అనే వైరస్ రోగం వస్తే రోజుల్లోనే గుంట పోద్ది, ఈహెచ్‌పీ అనే ఇంకో రోగం తగిలితే ఎదుగుదల ఆగిపోద్ది, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరిగిన ప్రతి గంటకీ కరెంటు, ఒకసారి వల వేసి పట్టినాక ఐసులో ఎన్ని గంటలు పెడతావు. కాబట్టి ఏజెంట్ చెప్పిన రేటుకే ఇచ్చాడు. వాషింగ్టన్‌లో వేసిన పన్నులో ఒక వాటా విడవలూరులో కట్టారు, రసీదు లేకుండా.

ఇక్కడ నాకు మండేది ఇంకొకటుంది. గుంట దగ్గర రొయ్య రేటు అంత పడింది కదా, మరి నెల్లూరు టౌన్లో రొయ్యల వేపుడు ప్లేటు రేటు పడిందా? మినీ బైపాస్‌లో మేము పోయే రెస్టారెంట్ ఓనర్ తెలిసినాయనే, ఆ రోజుల్లోనే అడిగా. "రొయ్య ఒక్కటే తగ్గింది అబ్బయా, నూనె తగ్గిందా, బాడుగ తగ్గిందా, వాళ్ళ జీతాలు తగ్గినయా" అని లోపల వంటింటి వైపు చెయ్యి చూపించాడు. నేను లెక్కలు రాసేవాడిని కదా, ఆ ప్లేటులో రొయ్య వాటా ఎంత, నూనె వాటా ఎంత అని అడగబోయా, ఆయన "కూర్చో కూర్చో, చేపల పులుసు బాగుంది ఈ పూట" అని కుర్రాణ్ణి కేకేశాడు. పులుసు బాగానే ఉంది. బిల్లులో అది కూడా ఇరవై పెరిగింది.