అనాసపువ్వు కషాయం, పోయిన రెండు రోజులు

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు రెండోసారి వడ్డించుకుని తిన్న మా నాన్న, సాయంత్రం ఏడింటికల్లా రెండు దుప్పట్లు కప్పుకుని మూలుగుతున్నాడు. 102 జ్వరం. జలుబు ఇలా రాదు, గొంతు గరగరతో మెల్లగా మొదలవుతుంది. ఫ్లూ అయితే ఫలానా గంటకు పట్టుకుందని చెప్పొచ్చు, అంత టక్కున పడేస్తుంది.

అమ్మ సందు చివర మెడికల్ షాపుకెళ్ళి జ్వరం, ఒళ్ళు నొప్పులు అని చెబితే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు బిళ్ళలు, పారాసెటమాల్, ఒక దగ్గు మందు ఇచ్చి పంపాడు. నాకు ఫోన్ వచ్చింది మంగళవారం రాత్రి. "నీకు టెన్షన్ ఎందుకని చెప్పలేదురా."

నా కోపమంతా ఆ రెండు రోజుల మీదే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్‌ని ఏమీ చేయలేదు. ఫ్లూ వైరస్ మన గొంతు, ముక్కు కణాల్లో దూరి తన నకళ్ళు తయారు చేయించుకుంటుంది, కానీ ఆ నకళ్ళు పుట్టిన కణానికే అతుక్కుని ఉంటాయి. వాటిని తెంచి వదిలేందుకు వైరస్ దగ్గర న్యూరమినిడేజ్ అనే కత్తెరలాంటి ఎంజైమ్ ఉంటుంది. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టమివిర్ బిళ్ళ చేసేది ఆ కత్తెర కదలకుండా పట్టేయడమే. నకళ్ళన్నీ ఊపిరితిత్తుల దాకా వెదజల్లుకున్నాక కత్తెర పట్టుకుని ఏం లాభం? అందుకే 48 గంటల లోపు మొదలుపెట్టాలంటారు. అప్పుడు కూడా తగ్గేది ఒక రోజు జ్వరమే అనుకోండి, అద్భుతాలేమీ జరగవు. అయితే నాన్నకు 71 ఏళ్ళు, పైగా షుగర్. ఇలాంటి వాళ్ళకు ఆలస్యమైనా ఇస్తారు, బుధవారం డాక్టర్ అదే రాశారు.

టెస్టులో హెచ్1ఎన్1 అని వచ్చేసరికి అమ్మ "స్వైన్ ఫ్లూనా!" అని గుండె పట్టుకుంది. 2009 మేలో దేశంలో తొలి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది కదా, ఆ భయం ఇంకా పోలేదు. అది ఇప్పుడు ఏటా తిరిగే మామూలు ఫ్లూల్లో ఒకటి అయిపోయిందని డాక్టర్ చెప్పాకే కుదుటపడింది.

ఈలోగా ఫ్యామిలీ గ్రూపులో మా పెద్దమ్మ అనాసపువ్వు కషాయం పెట్టింది, ఆ మందు దాంతోనే చేస్తారట. పూర్తిగా అబద్ధం కాదు! బిర్యానీలో వేసే ఆ పువ్వు నుంచి తీసే షికిమిక్ ఆమ్లంతోనే ఒసెల్టమివిర్ తయారీ మొదలైంది, మన హైదరాబాద్ హెటెరో కంపెనీ 2005లోనే దానికి లైసెన్స్ తీసుకుంది. కానీ ఆ ఆమ్లం మందుగా మారడానికి ఫ్యాక్టరీలో బోలెడు రసాయన చర్యలు జరగాలి. గిన్నెలో మరిగిస్తే వచ్చేది బిర్యానీ వాసనే.

గురువారం అమ్మకూ జ్వరం. జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే మనిషి వైరస్ అంటిస్తుంటాడు, మాస్కు మేం బుధవారం గుర్తు చేసుకున్నాం. ఆమెకు అదే పూట బిళ్ళ మొదలుపెట్టాం, నాలుగు రోజుల్లో లేచింది. నాన్న దగ్గు మూడు వారాలు లాగింది. ఇద్దరి ఒంటి తీరూ వేరు కాబట్టి ఇది రుజువని అనను.

ఈ ఏడు జూన్‌లోనే, వానలకు ముందే, ఇద్దరికీ టీకా వేయించాను. ఒంట్లో పట్టడానికి రెండు వారాలు కావాలి, వైరస్ పైతొడుగు మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించాలి. "కరోనాది వేసుకున్నాంగా, మళ్ళీ ఇదేంటి?" అని నాన్న ఆటో ఎక్కేదాకా గొణిగాడు. చెయ్యి నొప్పి పుట్టిందని ఇప్పటికీ ఫోన్‌లో చెబుతూనే ఉన్నాడు.