నిలిచిపోయిన ధార

టీ వడకట్టి గ్లాసులో పోస్తున్నాను. గిన్నె అంచు నుంచి గ్లాసు దాకా ధార గోధుమరంగు గాజుకడ్డీలా నిలబడి ఉంది. జారడం లేదు. ఇంకా నిండలేదనుకుని పోస్తూనే ఉన్నాను. మరుక్షణం చూస్తే గట్టంతా టీ, బొటనవేలు చురుక్కుమంది. "ఏమండీ, ధ్యాస ఎక్కడ పెట్టారు?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి. అంతలోనే నా పక్కన ఉంది. మధ్యలో ఆమె నడిచి రావడం నాకు కనిపించలేదు.

రెండు రోజులుగా తల పగిలిపోతోంది. బీపీ మాత్రలు అయిపోయి మూడు వారాలైనా కొనుక్కోలేదు, అది నా నిర్వాకమే. ఆసుపత్రిలో 210/120 చూపించింది. ఎమ్మారై తీస్తే మెదడు వెనుక భాగంలో రెండు వైపులా వాపు. అక్షరాల పట్టిక మాత్రం చివరి వరుస దాకా చదివేశాను. రంగులు, మొహాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నర్సు మాట వినిపించేది, పెదవులు మూసే ఉండేవి, సౌండు తప్పిన ప్రింటులాగా.

ఆ పోలిక ఊరికే రాలేదు. సినిమా హాల్లో 26 ఏళ్లు ఆపరేటరుగా చేశాను. సెకనుకు 24 బొమ్మలు. ఒక్కొక్కటీ ప్రొజెక్టరు గేటులో, అంటే వెలుగు పడే కిటికీలో, కదలకుండా నిలబడాలి, కిందికి జారేటప్పుడు షట్టరు రెక్క వెలుగును కప్పేయాలి. నిలబడ్డ బొమ్మను కూడా రెక్క మధ్యలో ఒకసారి కప్పి రెండుసార్లు చూపిస్తుంది, లేకపోతే తెర మిణుకుమిణుకుమంటుంది. పని నేర్చుకునే కుర్రాళ్లకు "బొమ్మ కంట్లో కాసేపు నిలిచిపోతుందిరా, అందుకే కదిలినట్టుంటుంది" అని చెప్పేవాణ్ణి. తప్పు చెప్పాను. నిలిచిపోతే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవాలి గానీ, నడుస్తాయా?

కదలికను పసిగట్టే చోటు చెవుల వెనుక వైపు మెదడులో ఉందని డాక్టరు గారు చెప్పారు. జర్మనీలో వెర్థైమర్ అనే శాస్త్రవేత్త రెండు గీతలను దాదాపు 60 మిల్లీసెకన్ల తేడాతో చూపిస్తే, జనానికి ఒకే గీత అటునుంచి ఇటు జరిగినట్టు కనిపించిందని 1912లో రాశాడట. మధ్యలో లేని దారిని మెదడే వేసుకుంటుంది. మ్యూనిక్‌లో ఒక మహిళకు ఆ చోటు రెండు వైపులా దెబ్బతింది. ఆమె గురించి 1983లో వైద్యులు రాశారు. ఆమెకూ టీయే! గడ్డకట్టిన మంచులా కనిపించేదట. ఆమెకు ఆ చూపు తిరిగి రాలేదన్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాది బీపీ దిగితే తగ్గే వాపేనని ఆయన పదేపదే చెప్పినా సరే.

ఆరు వారాల తర్వాత తీసిన ఎమ్మారైలో వాపు లేదు. నాకు మాత్రం ఐదో రోజునే తెలిసింది. పక్క మంచం అతని సెలైన్ సీసా వైపు చూస్తున్నాను. అప్పటిదాకా బొట్టు పైన వేలాడేది, తర్వాత ఉండేది కాదు. ఆ రోజు వేలాడింది, సాగింది, జారింది.

"చూడు, చూడు, పడుతోంది!" అన్నాను.

"పడక ఏం చేస్తుందండీ?" అంది మా ఆవిడ.