సోల్ పాటల హార్న్ పార్ట్‌లు విని రాసుకుని మూడు వాద్యాలకు సర్దడం – నా అనుభవం

సోల్ (1960ల నాటి అమెరికా నల్లజాతి వాళ్ల పాటల శైలి) పాటల హార్న్ పార్ట్, అంటే ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటి ఊదే వాద్యాల భాగం, కాగితం మీద చూస్తే ఏమీ ఉండదు. నాలుగు నోట్లు, రెండు బార్ల (తాళం ఆవర్తాల) ఖాళీ, మళ్లీ అవే నాలుగు నోట్లు. అందుకే చాలామంది నోట్లు పట్టేయగానే పని అయిపోయిందనుకుంటారు. తీరా ముగ్గురూ కలిసి ఊదితే రికార్డుకీ దానికీ పోలికే ఉండదు. నోటు ఎక్కడ మొదలైందో రాసుకుంటే సగం పనే అయినట్టు. ఎక్కడ తెగిందన్నది మిగతా సగం, కష్టమంతా అందులోనే. నేను పని చేసే క్రమం ఆ కోత చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకి విల్సన్ పికెట్ పాడిన ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’ తీసుకుంటాను. 1965లో మెంఫిస్‌లోని స్టాక్స్ రికార్డు కంపెనీ స్టూడియోలో రికార్డయిన పాట. పాత సినిమా హాలునే స్టూడియోగా మార్చారు, అందరూ ఒకే గదిలో కూర్చుని కలిసి వాయించేవారు. అక్కడ హార్న్ పార్ట్‌లు ముందే కాగితం మీద రాసుకొచ్చే అలవాటు లేదు. ట్రంపెట్ వేన్ జాక్సన్, టెనర్ శాక్సోఫోన్ ఆండ్రూ లవ్ లాంటివాళ్లు అక్కడికక్కడ అనుకుని ఊదేవారు. గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ అయితే తనకు కావలసిన లైను నోటితో పాడి వినిపించేవాడు. అదే కాలంలో డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పద్ధతి వేరు, అక్కడ పాల్ రైజర్ లాంటి అరేంజర్లు (ఎవరేం వాయించాలో కూర్చేవాళ్లు) రాసిచ్చేవారు. వినేటప్పుడు ఈ తేడా గుర్తుంటే పని తేలికవుతుంది. స్టాక్స్ పాటలో చిక్కటి హార్మొనీ వినపడుతోందనిపిస్తే ముందు మన చెవినే అనుమానించాలి. చాలాచోట్ల అందరూ ఒకే లైను ఊదుతుంటారు, లేదా మామూలు ట్రయాడ్, అంటే కలిసి మోగే మూడు స్వరాల కార్డ్, ఉంటుంది.

మొదట రికార్డు శృతి చూస్తాను. ఆ కాలపు టేపులు కచ్చితంగా 440లో (ఏ స్వరానికి 440 హెర్ట్జ్ అనే ప్రామాణిక శృతిలో) ఉండవు, ఒక రీఇష్యూకీ (మళ్లీ విడుదలకీ) ఇంకో రీఇష్యూకీ వేగం కొద్దిగా మారుతుంది. గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1965 నాటి ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’ని టేపు వేగం పెంచే విడుదల చేశారు. అలాంటిచోట వినపడే శృతిని బట్టి వేళ్ల పొజిషన్లు ఊహిస్తే దారి తప్పుతాం. ఆడాసిటీ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి, బేస్ గిటార్ ఒంటరిగా నిలిచిన నోటు దగ్గర ట్యూనర్ పెట్టి, తేడా ఎన్ని సెంట్లుంటే (అరమెట్టులో వందో వంతు ఒక సెంటు) అంత సరిచేశాకే వినడం మొదలుపెడతాను. లేకపోతే పక్కన శాక్సోఫోన్ పట్టుకుని పోల్చుకునేటప్పుడు ప్రతి నోటూ రెండు నోట్ల మధ్యలో ఉన్నట్టుంటుంది.

పాటని స్టెమ్‌లుగా, అంటే వాద్యాల వారీ ట్రాకులుగా, విడదీసే డెమక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది. గొంతు, డ్రమ్స్, బేస్ విడిగా వస్తాయి, మిగిలినవన్నీ ఒక మూటలో పడతాయి. హార్న్‌లు ఆ మూటలోనే గిటార్, ఆర్గన్, పియానోలతో కలిసి ఉంటాయి కాబట్టి దాన్ని హార్న్ ట్రాక్ అనుకోకూడదు. పైగా విడదీసేటప్పుడు నోటు చివరలు అరిగిపోతాయి. మనకు కావలసిందేమో ఆ చివరే. అందుకని నోట్లు పట్టడానికి స్టెమ్, కోత పట్టడానికి అసలు రికార్డు, రెండూ పక్కపక్కన పెట్టుకుంటాను. వేగం 60 శాతానికి తగ్గిస్తాను. ఇంకా తగ్గిస్తే నోటు మొదలు మెత్తబడి, నాలుకతో కొట్టిందా జారిందా తెలియదు.

వినే వరుస కూడా ముఖ్యమే. ముందు బేస్, దాంతో కార్డ్‌లు తేలతాయి. తర్వాత పై లైను, అంటే దాదాపు ఎప్పుడూ ట్రంపెట్. ఆ తర్వాత అట్టడుగు హార్న్. మధ్య స్వరం చివరికి. మధ్యది నేరుగా వినపడదు, కార్డ్ తెలుసు కాబట్టి మిగిలిన స్వరమేదో పెట్టి చూసి నిర్ధారించుకోవాల్సిందే. ఇక్కడ రెండు మోసాలున్నాయి. ట్రంపెట్ ఊదిన నోటుకి మూడో హార్మోనిక్ (అసలు నోటుతో పాటే మోగే పై స్వరాల్లో ఒకటి) బలంగా ఉంటుంది. ఆ హార్మోనిక్ అంటే పై స్థాయి పంచమం. స్పెక్ట్రమ్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో అది ఇంకో వాద్యంలా కనపడుతుంది, లేని హార్న్‌ని ఉన్నట్టు రాసేస్తాం. రెండోది ఆక్టేవ్, అంటే ఒక స్థాయి తేడా. ట్రంపెట్ కింద టెనర్ అదే లైను ఒక స్థాయి తక్కువలో ఊదితే చెవికి విడిగా తెలియదు, నాదం బరువెక్కినట్టు ఉంటుంది అంతే. 300 హెర్ట్జ్ కింద కోసేసి విడదీసిన స్టెమ్ వినండి. లైను పలచబడిపోతే కింద ఇంకొకరున్నట్టు.

ఇక మిడ్‌నైట్ అవర్ మొదలు. డి, బి, ఏ, జి – నాలుగు మేజర్ కార్డ్‌లు దిగుతూ వచ్చి, పాట ఇ మీద కుదురుకుంటుంది. మా సెక్షన్ ట్రంపెట్, ఆల్టో శాక్సోఫోన్, టెనర్ శాక్సోఫోన్. రికార్డులో ఎవరు ఏ స్వరం ఊదారన్నది పక్కనపెట్టి ముగ్గురికి నేను ఇలా పంచుతాను: ట్రంపెట్‌కి కార్డ్ మూలస్వరం, ఆల్టోకి పంచమం, టెనర్‌కి మూడో స్వరం. వినిపించే శృతిలో ట్రంపెట్ డి, బి, ఏ, జి. ఆల్టో ఏ, ఎఫ్ షార్ప్, ఇ, డి. టెనర్ ఎఫ్ షార్ప్, డి షార్ప్, సి షార్ప్, బి. మూలస్వరాన్ని పైన పెడితే బేస్ గిటార్‌తో కలిసి బయటి చట్రం గట్టిపడుతుంది. ట్రంపెట్‌కి కూడా ఊపిరి ఖర్చు లేని ఎత్తు.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక విషయం ఇట్టే పడతారు. ఇ షడ్జమం అనుకుంటే పై లైను ని ప మ గ స. సాక్షాత్తూ శుద్ధ ధన్యాసి అవరోహణ. ఎడ్డీ ఫ్లాయిడ్ 1966లో పాడిన ‘నాక్ ఆన్ వుడ్’ మొదలు దీన్నే తిరగేసి ఇ, జి, ఏ, బి, డి అని ఎక్కుతుంది. రెండు పాటల్లోనూ చెయ్యి ఉన్న గిటారిస్టు స్టీవ్ క్రాపర్ తిరగేసిన మాట తనే చెప్పాడు. స్వరాలతో నేర్చుకున్నవాళ్లకి పై లైను ఒక్కసారి పాడితే చాలు, వచ్చేస్తుంది. చిక్కు టెనర్ దగ్గర. అతని లైను స్వరాల్లో చతుశ్రుతి రిషభం, కాకలి నిషాదం, చతుశ్రుతి ధైవతం, పంచమం. చివరి పంచమం తప్ప అన్నీ రాగానికి బయటివే. చెవి రాగంలో ఉన్నవాడు బి కార్డ్ దగ్గర డి షార్ప్ బదులు తెలియకుండానే డి ఊదేస్తాడు. అప్పుడది బి మైనర్ అయిపోయి, గిటార్ వాయించే బి మేజర్‌తో గరగరలాడుతుంది. రిహార్సల్‌లో ఈ మొదలు మురికిగా వినపడితే ముగ్గురినీ ఆపి మళ్లీ మళ్లీ ఊదించనక్కర్లేదు, టెనర్ రెండో నోటు ఒక్కటీ విడిగా వింటే తేలిపోతుంది. ఈ వాద్యాలకి వినిపించే శృతి కంటే పైకి మార్చి రాస్తారు కాబట్టి, అతని కాగితంలో ఆ నోటు లెక్క ప్రకారం ఇ షార్ప్. నేను దాన్ని ఎఫ్ అనే రాస్తాను. సిద్ధాంతం ఒప్పుకోదు, వేళ్లకి మాత్రం సందేహం ఉండదు.

పాశ్చాత్య సంగీతపు ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకి హార్మొనీ చదివినవాళ్లు ఇంకో రకంగా చెడగొడతారు. మూడు స్వరాలూ ఒకే ఆకారంలో కిందికి జారడం, బేస్‌తో వరుస పంచమాలు రావడం పుస్తకం ప్రకారం తప్పు. అందుకని దగ్గరి స్వరాలు వెతికి నున్నగా కలుపుతారు. కలిపితే చర్చి కోయిర్ అవుతుంది, ఆ గుద్దు పోతుంది. ఇక్కడ హార్న్‌లు గిటారిస్టు చెయ్యి ఫ్రెట్‌బోర్డ్ మీద జారినట్టే జారాలి. నున్నగా కలపాల్సింది ఇంకోచోట: ఇ7 నుంచి ఏ7కి (ఏడో స్వరం కూడా చేర్చిన ఇ, ఏ కార్డ్‌లు) వెళ్లే బ్లూస్ తరహా పాటల్లో పట్టి ఉంచే కార్డ్‌ల దగ్గర. టెనర్ డి, ఆల్టో జి షార్ప్, ట్రంపెట్ బి పెట్టండి. కార్డ్ మారగానే టెనర్ సి షార్ప్‌కి, ఆల్టో జికి అరమెట్టు దిగుతారు. ట్రంపెట్ కదలదు, ఆ బి ఇప్పుడు ఏ9లో తొమ్మిదో స్వరమవుతుంది. ఇద్దరే హార్న్‌లుంటే ట్రంపెట్ వాద్యానికి ఆ ఆల్టో లైను ఇచ్చేయండి, మూడో స్వరం, ఏడో స్వరం ఉన్నంతవరకు కార్డ్ నిలుస్తుంది. మూలస్వరం బేస్ చూసుకుంటాడు.

శృతి నిర్ణయం గొడవల్లో పడేది ఇక్కడే. ఈ పాటలు చాలావరకు గిటార్‌కి సుఖమైన శృతుల్లో ఉంటాయి. ఇ మేజర్ అంటే ట్రంపెట్, టెనర్‌లకి ఎఫ్ షార్ప్ మేజర్, ఆరు షార్ప్‌లు. ఆల్టోకి సి షార్ప్, ఏడు షార్ప్‌లు, డి ఫ్లాట్‌గా రాస్తే ఐదు ఫ్లాట్‌లు. అరమెట్టు పైకి ఎఫ్‌కి తీసుకెళ్తే ట్రంపెట్‌కి జి, ఆల్టోకి డి, హాయిగా ఉంటుంది. కానీ గిటార్‌లో తెరిచిన తీగల మోత పోతుంది, గాయకుడికి అసలే ఎత్తు. ఇ ఫ్లాట్‌కి దించితే ట్రంపెట్‌కి ఎఫ్, ఆల్టోకి సి. గిటార్, బేస్ తీగలు అరమెట్టు దించుకుంటే వాళ్ల వేళ్లూ మారవు. గాయకుడు ఒప్పుకుంటే నా ఓటు దీనికే. ఇ శృతిలోనే ఉంచక తప్పనప్పుడు కీ సిగ్నేచర్ (లైను మొదట్లో ఒకేసారి రాసే షార్ప్, ఫ్లాట్ గుర్తులు) పెట్టకుండా ప్రతి షార్ప్‌నీ నోటు పక్కనే రాస్తాను. కార్డ్‌లు పాట స్కేలు బయటికి ఇంతగా వెళ్లే పాటలో ఆరు షార్ప్‌ల సిగ్నేచర్ పెడితే కాగితమంతా ఆ షార్ప్‌లని రద్దు చేసే నేచురల్ గుర్తులే ఉంటాయి. రాయడానికి మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ చాలు, వాద్యానికి తగ్గట్టు అదే మారుస్తుంది. అయినా చేత్తో ఒకసారి సరిచూడాలి: ట్రంపెట్‌కి రెండు అరమెట్లు పైకి, టెనర్‌కి పద్నాలుగు, ఆల్టోకి తొమ్మిది.

ఇప్పుడు కోత. నేను ప్రతి పొడుగు నోటుకీ చివర అంకె రాస్తాను. ‘3’ అని ఉంటే మూడో బీటు మీద శబ్దం ఆగిపోవాలి, మూడో బీటంతా పట్టి ఆగడం కాదు. ఈ ఒక్క అంకె మీద ముగ్గురూ ఒప్పుకోకపోతే ముగ్గురూ మూడుచోట్ల వదులుతారు, గాయకుడి మాట మొదలయ్యే చోట తోక వేలాడుతుంది. పొట్టి నోట్లలోనూ తేడాలున్నాయి. చుక్క పెట్టిన నోటు తేలిగ్గా తెగుతుంది, ఇంటికప్పు గుర్తు (^) పెట్టినది బరువుగా మొదలై నాలుకతోనే తెగుతుంది. గుర్తులు చదవని వాళ్లకి జతుల్లా చెప్తాను, ‘తత్’ అంటే నాలుకతో మూసెయ్, ‘తా’ అంటే ఊపిరితో వదులు. ముందు ముగ్గురూ నోటితో అని, అందరి కోతా ఒకేచోట పడ్డాకే వాద్యం ఎత్తాలి. జారుడు నోటు, ఫాల్ అంటారు కదా, దానికీ జారుడు ఏ బీటులో మొదలవాలో, ఎంతలో అయిపోవాలో రాయాలి. ఊరికే వంకర గీత గీసి వదిలేస్తే శాక్స్ ఆక్టేవ్ జారతాడు, ట్రంపెట్ రెండు నోట్లు జారతాడు.

మన దగ్గర బ్యాండు మేళాల్లో పెరిగిన ట్రంపెట్ వాద్యకారులకి చెవి గొప్పగా ఉంటుంది. విని పట్టేయడంలో కాగితం చదివేవాళ్లకంటే ముందుంటారు, స్టాక్స్ పద్ధతికి సరిగ్గా అతుకుతారు. మార్చుకోవలసింది ఒకటే, వీధిలో అలవాటైన వెడల్పు కంపనం. ముగ్గురు పట్టిన కార్డ్‌లో ఒకరు కంపిస్తే శృతి కుదరదు. స్వరం తిన్నగా ఉండాలి, కంపనం పెడితే చివరి అర బీటులో అందరూ కలిసి పెట్టాలి. బారిటోన్ శాక్స్ దొరకడం కష్టం కాబట్టి మేళంలోని యూఫోనియం (లావు నాదం ఉన్న ఇత్తడి వాద్యం) తెస్తుంటారు. పట్టి ఉంచే కార్డ్‌లకి బాగుంటుంది, పొట్టిగా తెగే దెబ్బల్లాంటి నోట్లకి పనికిరాదు, దాని మొదలు మెత్తన. దెబ్బలు వచ్చే బార్లలో దానికి ఖాళీ రాస్తాను.

తాళం గురించి ఒక మాట. మిడ్‌నైట్ అవర్‌లో 2, 4 బీట్ల దెబ్బ కాస్త వెనక్కి పడుతుంది. రికార్డింగులో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ అప్పటి జెర్క్ డాన్స్ స్వయంగా ఆడి చూపించి ఆ వెనకబాటు అడిగాడని వాయించినవాళ్లు చెప్పారు. కాబట్టి క్లిక్ (మెట్రోనోమ్ టిక్కు) పెట్టుకుని సాధన చేసిన హార్న్ సెక్షన్ ఇక్కడ ముందు పడిపోతుంది. స్నేర్ డ్రమ్ము, హార్న్ దెబ్బ రెండుగా వినపడతాయి. క్లిక్ ఆపేసి డ్రమ్మర్ ఎడమచేతిని చూస్తూ ఊదడమే మందు. స్టేజీ మీద హార్న్‌లు స్నేర్ వైపు ఉండేలా నిలబెట్టమని అడుగుతాను, మానిటర్‌ని (స్టేజీ మీద మనకు వినిపించే స్పీకర్‌ని) నమ్ముకోను. డిసెంబరు రాత్రి ఆరుబయట లాన్‌లో అయితే ఇంకో తంటా. చలికి వాద్యాల శృతి దిగుతుంది, కీబోర్డ్ దిగదు. పాటకి ముందు శబ్దం రాకుండా ఊపిరి పోస్తూ వాద్యాన్ని వెచ్చగా ఉంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

రికార్డులో పాట నెమ్మదిగా తగ్గిపోయి ముగుస్తుంది కాబట్టి ముగింపు మనమే రాసుకోవాలి. గాయకుడు సైగ చేశాక డి, బి, ఏ, జి రెండుసార్లు, తర్వాత ఇ9: టెనర్ డి, ఆల్టో జి షార్ప్, ట్రంపెట్ పై ఎఫ్ షార్ప్. ఈ ఎఫ్ షార్ప్ ట్రంపెట్ కాగితంలో జి షార్ప్. పాట చివర పెదవి అలిసిపోయి ఉంటే ఇదే పగిలే నోటు, అందుకని పక్కనే బ్రాకెట్లో కింది బి కూడా రాసిపెడతాను, ఏది ఊదాలో ఆ రాత్రి అతనిష్టం. పట్టిన కార్డ్ మీద కోత అంకె రాయను, అక్కడ అందరూ డ్రమ్మర్ కర్ర కోసం చూడాలి.